రైలు లేని ఊరికి రైలు వేళలు

అద్దంకికి రైలు లేదు. రోడ్లకు మాత్రం కొదవ లేదు. నార్కెట్‌పల్లి నుంచి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, నరసరావుపేట మీదుగా వచ్చే దారి అద్దంకి దాటి మేదరమెట్ల దగ్గర చెన్నై హైవేలో కలుస్తుంది. విజయవాడ వైపు పోకుండా హైదరాబాద్, చెన్నైల మధ్య తిరిగే లారీలకు ఇదే అడ్డదారి. రైలెక్కాలంటే మాత్రం ఒంగోలుకో చీరాలకో బస్సులో పోవాలి.

రవాణా ప్రణాళిక రాసేవాళ్ల పనితనం తెలిసేది ఆ బస్సు దిగినచోటే.

బస్సులో కూర్చున్న గంటను మనిషి ఓర్చుకుంటాడు. సంచులు మోసుకుంటూ, తర్వాతి బండి ఎప్పుడో తెలియక నిలబడిన పావుగంటను ఓర్చుకోలేడు. అందుకే నిపుణులు తమ లెక్కల్లో నడకకూ ఎదురుచూపుకూ బండిలో గడిపిన సమయం కంటే ఎక్కువ బరువు కడతారు. కిలోమీటర్లు పెంచడం కంటే ఈ బరువు దించడమే పెద్ద విద్య.

ఈ సీమలో పాత రాజులూ ఇలా మారే చోటునే, అంటే సరుకు ఓడ దిగి బండెక్కే రేవునే పట్టించుకున్నారు. తుపానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును లాక్కోవడం అప్పట్లో పాలకులకు అలవాటు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించి, సుంకం తప్ప మరేదీ ముట్టనని వర్తకులకు మాటిచ్చాడు. తర్వాత అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యం మొదలైంది. ఆ వంశపు అనవోతారెడ్డి 1358లో అదే రేవులో సుంకాలు తగ్గించాడు.

మారే చోటును వేళలతోనూ చక్కదిద్దవచ్చు. స్విట్జర్లాండ్‌లో 1987లో ప్రజలు ఓటేసి ఆమోదించిన 'బాన్ 2000' పథకంలో ముందు వేళలు రాసుకున్నారు, ఆ వేళలు కుదరడానికి ఎక్కడ కొత్త లైను కావాలో అక్కడ వేశారు. కూడలి స్టేషన్లకు రైళ్లన్నీ ఇంచుమించు ఒకే సమయానికి చేరతాయి, బస్సులు వాటిని అందుకుంటాయి.

అంత దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ ఎంజీబీఎస్ బస్టాండులో దిగిన ప్రయాణికుడికి పక్కనే మెట్రో ఉంది. 2020లో జేబీఎస్ లైను తెరవడంతో రెండు పెద్ద బస్టాండ్లూ ఒకే లైనుకు చెరో కొసన చేరాయి. ఒంగోలు, చీరాల రైళ్ల వేళలు పక్కన పెట్టుకుని అద్దంకి డిపో బస్సుల పట్టిక రాయడానికి ఇంత కట్టడం కూడా అక్కర్లేదు. కావలసింది రెండు శాఖల వాళ్లు ఒక బల్ల దగ్గర కూర్చోవడం, స్టేషన్ గేటు ముందు బస్సు ఆగేందుకు చోటివ్వడం.

కొత్తగా వేస్తున్న 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి రైలు లైను దారిలో దర్శి ఉంది. అక్కడి స్టేషన్ ముందు అద్దంకి బస్సులు తిరిగేంత ఖాళీని ముందే గీసి అట్టిపెట్టాలి. చుట్టూ కొట్లు లేచాక ఆ జాగా దొరకదు.