అలక్షితులు: కరుణ విప్రలంభముల నడుమ

స్త్రీపర్వము తుదియందు ధృతరాష్ట్రుడు యుద్ధమున మడిసినవారెందరని ధర్మరాజు నడుగును. వ్యాసభారతమున ధర్మజుని సమాధానము రెండు లెక్కలుగ నున్నది. హతులు 166 కోట్ల 20 వేలమంది. వేఱుగ, 24,165 మంది ‘అలక్షితులు’. మొదటి సంఖ్యను కవి యతిశయోక్తిగ నెంచి మనము దాటిపోవుదుము. రెండవదానికడ నాగినవారు తక్కువ. కిసారీ మోహన గంగూలీ తన యాంగ్లానువాదమున ఆ పదమునకు తప్పించుకొనినవారని యర్థము చేసెను. ఇది నాకు సమంజసముగ తోపదు. అలక్షితుడనగా కానరానివాడు, బ్రదికెనో చచ్చెనో ఆ పదము చెప్పదు. హతుల లెక్క వేలతో ముగియగా, కానరానివారి లెక్క చివరి యయిదుగురివఱకు తెగుట గమనింపదగినది.

ఈ రెండవ లెక్కలోనివారికై యింటివారు పడు దుఃఖమునకు మన యలంకారశాస్త్రమున స్థానమేది? ఈ ప్రశ్న నాకు గ్రంథపఠనమువలన కలుగలేదు. పొరుగుననున్న శ్రీలంక యిటీవలి చరిత్రవలన కలిగినది. అచటికి పోవుటకు ముందు శాస్త్రమేమనుచున్నదో చూతము.

నాట్యశాస్త్రము షష్ఠాధ్యాయమున భరతుడు కరుణమును విప్రలంభమునుండి వేఱుపఱచుటకు చూపిన భేదకము అపేక్ష. కరుణము నిరపేక్షము, విప్రలంభము సాపేక్షము. చింత, ఉన్మాదము, అశ్రువులు రెంటికిని సమానములు కావచ్చును. తిరిగి కలియుదుమను నాశ యున్నచో రతి స్థాయి, లేనిచో శోకము స్థాయి. తరువాతి యాలంకారికులకు బాణుని కాదంబరి చిక్కు తెచ్చిపెట్టినది. పుండరీకుడు మరణించెను, అయినను దివ్యపురుషు డొకడు కళేబరమును గొనిపోవుచు పునస్సమాగమము కలదని మహాశ్వేతకు చెప్పెను. ఇట్టి స్థలములకై కరుణవిప్రలంభమను భేదమును కల్పింపవలసి వచ్చినది. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున విప్రలంభమునందు దీనిని నాలుగవదిగ చేర్చెను. తల్లి బిడ్డల యెడబాటు శృంగారమున నిముడదని యెవరైన నాక్షేపించినచో, వత్సలమును రసముగ నంగీకరించినవాడును విశ్వనాథుడే. రూపగోస్వామి వత్సలాది భక్తిరసములందును యోగాయోగములను చెప్పియున్నాడు. కావున తల్లి విరహము శాస్త్రమునకు వెలి కాదు.

మఱి లోపమెచట నున్నది? ఈ విభాగమంతయు నొక నిశ్చయముపై నిలిచినది. నాయికకు తెలియనిచో దివ్యవాణి తెలుపును. అదియు లేనిచో సామాజికునకైనను నిజము తెలియును. ఉత్తరరామచరితము తార్కాణము. సీతను క్రూరమృగములు భక్షించినవని రాముడు నమ్మినాడు. ఆమె కళేబరమును చూడలేదు. తృతీయాంకమున సీత యాయన ప్రక్కనే అదృశ్యయై నిలిచియుండుట మనకు కనబడుచున్నది. అందుచే రాముని కరుణము మన యెఱుకవలన విప్రలంభమువైపు మొగ్గును. భవభూతి నేర్పంతయు నిచటనే కలదు. మఱియొకటి. సీత నడవిలో విడిపించినవాడు రాజు, ఆమెకై యేడ్చువాడును ఆ రాజే. చతుర్థాంకమున జనకుని క్రోధము ఏల పొంగినదో ఈ దృష్టితో మరల చదువవచ్చును. అయినను పోలికను ఇంతకుమించి లాగుట అన్యాయము. రాముడు తన యాజ్ఞను లోకమునుండి దాచలేదు.

దాచుటయే ఆధునిక కాలపు నేరమునకు ప్రాణము. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదింపగా 2010లో అమలులోనికి వచ్చిన యంతర్జాతీయ యొడంబడిక, బలవంతపు అదృశ్యమునకు చెప్పిన లక్షణమున రెండంగములున్నవి. ప్రభుత్వపు మనుష్యులుగాని వారి యండగలవారుగాని ఒకనిని పట్టుకొనిపోవుట మొదటిది; పట్టుకొంటిమని యొప్పుకొనకుండుట, లేక వాని గతిని మఱుగుపఱచుట రెండవది. (మన దేశము దానిపై 2007లో సంతకము చేసినది గాని ధ్రువీకరింపలేదు.) శ్రీలంకలో 1980ల తుదిని జనతా విముక్తి పెరమున తిరుగుబాటు కాలమున దక్షిణమునందు సింహళ యువకులును, ఉత్తర ప్రాగ్భాగములయందు యుద్ధకాలమంతయు తమిళులును వేలకొలదిగ ఇట్లు మాయమైరి. పులుల చేతులలో మాయమైనవారును కలరు. 1990 సెప్టెంబరు 5న మట్టక్కళప్పు చెంతనున్న వందారుమూలై విశ్వవిద్యాలయ ప్రాంగణమున శరణు జొచ్చినవారినుండి 158 మందిని సైనికులు కొనిపోయిరి. విశ్వవిద్యాలయమువారి పత్రికలో వ్రాయుచు ఈ స్థలమును పేర్కొనక విడుచుట నాకు చేతకాదు. 1994లో నియమితములైన మూడు ప్రాంతీయ విచారణసంఘములు పదునాఱువేలకు పైగా అదృశ్యములను నిర్ధారించినవి.

ఈ విషయమును గ్రహించిన కృతులలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కినది, కొలంబోలో పుట్టి కెనడాలో స్థిరపడిన మైకేల్ ఒండాట్జె 2000లో ప్రకటించిన ‘అనిల్స్ ఘోస్ట్’ అను నాంగ్లనవల. అస్థిపరీక్షలో నిపుణురాలగు అనిల్, పురాతత్త్వవేత్త శరత్ అనువారికి, ప్రభుత్వము నదుపులోనున్న స్థలమున నొక క్రొత్త అస్థిపంజరము దొరకును. దాని పేరు కనుగొనుటయే కథ. కొందఱు విమర్శకులు ఈ నవల రాజకీయమును తప్పించుకొన్నదని నిందించిరి. నా యాక్షేపణ వేఱు. ఎముకలు దొరకిన క్షణముననే శోకము స్థాయి యైనది. పేరు కూడ తుదకు దొరకినది. పదునాఱువేలలో పెక్కుమందికి దక్కని సమాప్తిని నవల తన ప్రధానకథకు సులువుగ నిచ్చుకొన్నది. కథాసంధానమున కది యనుకూలమే గాని విషయమునకు ద్రోహము.

అయినను ఈ నవలలో నొక యుపాఖ్యానము నా యాక్షేపణను సగము వెనుకకు తీసికొనునట్లు చేయును. బుద్ధవిగ్రహములకు నేత్రములు దిద్దు ఆనందుడను శిల్పి ఆ పుఱ్ఱెకు ముఖము పోయుటకు వచ్చును. అతని భార్య సిరిస్సా కానరాకపోయినది. ఒక యుదయమున ఆమె తాను పనిచేయు బడికి నడచిపోవుచు వంతెనకడ గుంజలకు గ్రుచ్చిన తలలను చూచును. ఆ పిదప ఏమైనదో గ్రంథకర్త చెప్పడు. ఆనందుడు పూర్తిచేసిన ముఖమున వింత ప్రశాంతి యుండును. అది యా మృతుని ముఖము కాదు, భార్యకు కలుగవలెనని యతడు కోరుకొన్న శాంతి. ఆ పని ముగించిన రాత్రియే యతడు ఆత్మహత్యకు పూనుకొనును. ఇచట సామాజికుడు నాయకునికంటె ఒక యడుగు ముందు లేడు; సిరిస్సా గతి మనకును తెలియదు. భవభూతి మనకిచ్చిన ఛాయాసీత యిచట లేదు. అపేక్షయు నిరపేక్షతయు ఒకే హస్తమున, ఒకే మట్టిముద్దలో నిలిచిన ఈ ఘట్టము భరతుని విభాగమున కెదురుగ నిలువగలది.

మన ధర్మశాస్త్రకారులు ఆలంకారికులకంటె ఈ సంకటమును ముందుగ గుర్తించినట్లున్నారు. కానరానివానికై సాధారణముగ పండ్రెండేండ్లు వేచి, దర్భలతోగాని మోదుగాకులతోగాని ప్రతికృతి చేసి దహింపుమనిరి. అనగా, శోకమునకు తిథి నిర్ణయించిరి. శ్రీలంక ప్రభుత్వము 2010లో నొక తాత్కాలిక చట్టముతో కానరానివారికి మరణపత్రము లీయజూచినది. పెక్కు కుటుంబములు పుచ్చుకొనలేదు. 2016లో ఆ చట్టమును సవరించి, మరణమును చెప్పక, లేమిని మాత్రము ధ్రువపఱచు పత్రమును ప్రవేశపెట్టినది. మన కచ్చేరీ భాషలో దానిని గైరుహాజరు పత్రమనవలెను. బడిపిల్లల పట్టిక జ్ఞాపకము వచ్చుచున్నది గాని, నాకు తెలిసినంతలో ఈ మధ్యావస్థకు లోకము పెట్టిన పేర్లలో నిదియే నిక్కమునకు దగ్గఱైనది. 2020 జనవరిలో నాటి అధ్యక్షుడు గోటబయ రాజపక్స కానరానివారు నిజమునకు చనిపోయినవారే యని ఐక్యరాజ్యసమితి ప్రతినిధితో చెప్పెను. ఎట్లు, ఎచట, ఎవరిచేత అనునది చెప్పలేదు. విభావములను మఱుగుపఱచి స్థాయిని మాత్రము శాసించుట యిది.

2009 మేలో యుద్ధము ముగిసిన దినములలో తమవారిని సైన్యమునకు స్వయముగ నప్పగించినవారు కొందఱు, తక్కిన కుటుంబములవారితో కూడి, 2017 ఫిబ్రవరిలో కిళినొచ్చి దారిప్రక్కన పటములు పట్టుకొని కూర్చుండిరి. కూర్చుండినవారిలో తల్లులు ఎక్కువ. తమిళులలో చచ్చినవారికై పాడు శోకగీతమును ఒప్పారి యందురు. మరణము నొప్పుకొనని యీ తల్లులు ఆ బాణీలో ఏడ్చుచున్నారా, ఏడ్చినచో చచ్చినవానిని పిలుచు సంబోధనములను మార్చుకొనుచున్నారా, లేక వేఱొక బాణీ పుట్టినదా? తమిళము తెలిసిన పరిశోధక విద్యార్థి యెవడైన మట్టక్కళప్పునకు, కిళినొచ్చికి పోయి విని రావలసియున్నది.