హాఫిజ్‌జీ చేతికి పుస్తకమేది?

ఉర్దూలో చూపులేని ముస్లింని 'హాఫిజ్‌జీ' అని పిలిచే అలవాటుంది. ఖురాన్‌ని కంఠస్థం చేసినవాడని అర్థం. నిజంగా చేశాడో లేదో ఎవరూ అడగరు. ఆ పిలుపులో ఆదరం ఉంది, కాదనం. కానీ ఆ ఆదరం వెనకే ఒక తలుపు మూసేశాం. నీకు చెవులున్నాయి, విను, వల్లించు, పుస్తకంతో నీకేం పని అన్నాం. చూపులేని ఆడపిల్లకైతే ఆ పిలుపు కూడా లేదు.

ఖురాన్ 80వ సూరా 'అబస' మనకు తెలిసిందే. ప్రవక్త ఖురైష్ పెద్దలతో మాట్లాడుతుండగా అంధుడైన అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూం వచ్చాడు. ప్రవక్త మొహం చిట్లించారు. అందుకు మందలిస్తూ ఆయతులు దిగాయి. తర్వాత ఆయన మదీనాలో బిలాల్‌తో పాటు ముఅజ్జిన్ అయ్యాడు. ఈ కథని జుమా బయానుల్లో గొప్పగా చెప్పుకుంటాం. మసీదు అల్మారాలో బ్రెయిలీ ఖురాన్ ఉందా అంటే నీళ్లు నములుతాం.

వినడం చాలదా అంటారు. ఈజిప్టు రచయిత తాహా హుసేన్ చిన్నప్పుడే చూపు పోయినా ఖురాన్‌ని కంఠస్థం చేశాడు, అల్ అజ్‌హర్‌లో చదివాడు, 1950లో విద్యామంత్రి అయ్యాడు. గొప్పే. అయినా వినేవాడు వినిపించేవాడి వేగానికి కట్టుబడాలి. చదివేవాడు ఆగుతాడు, వెనక్కి వెళ్తాడు, ఒక జేర్ దగ్గర సందేహపడతాడు. అరబీ బ్రెయిలీలో జబర్, జేర్, పేష్‌లకు విడి గడులున్నాయి. అవి అక్షరానికి పైనా కిందా కాక, పక్కనే వస్తాయి. వేలికి అన్నీ దొరుకుతాయి.

ఇంకో సంగతి. అరబీ రాత కుడి నుంచి ఎడమకి. అరబీ బ్రెయిలీ ఎడమ నుంచి కుడికి, తెలుగులాగే. తెలుగు బ్రెయిలీలో బ, స, మలకు ఏ చుక్కలో అరబీ బే, సీన్, మీమ్‌లకూ అవే. 'బిస్మి'లోని హల్లులు తెలుగు బ్రెయిలీ చదివిన పిల్ల వేలికి ముందే తెలుసు. తెలుగు మాట్లాడితే మీరేం ముస్లింలని ఒకరు, అరబీ చదివితే మీరేం తెలుగోళ్లని ఇంకొకరు మమ్మల్ని రెండుగా చీల్చారు. ఈ ఆరు చుక్కలకు ఆ గొడవ లేదు.

ఇప్పుడు ఫోన్లే చదివిపెడతాయి కదా అంటారు. ముస్‌హఫ్ పేజీని బొమ్మగా యాప్‌లో పెడితే స్క్రీన్ రీడర్ మూగబోతుంది. ఆయతు అక్షరాలుగా ఉంటేనే పలుకుతుంది. చుక్కలు లేచే బ్రెయిలీ పరికరం జోడిస్తే వేలికిందికీ వస్తుంది. ఆ పరికరం ధర బీదింటికి అందేది కాదు. కంటికి ఇంపైన పేజీ మీద ఉన్న శ్రద్ధ వేలి మీద లేకపోవడం యంత్రం లోపమా, మన లోపమా?

బ్రెయిలీ ప్రతి ముస్‌హఫ్ అవుతుందా, వజూ లేకుండా తాకొచ్చా అని చర్చిస్తారు. తాకడానికి ముందు ప్రతి ఉండాలి గదా! అది ఒక్క పుస్తకం కాదు, అనేక సంపుటాలు. ఒక అల్మారా కావాలి, నేర్పే ఉస్తాద్ కావాలి. మినారు ఎత్తు పెంచడానికి దొరికే చందాలు దీనికీ దొరకాలి. హాఫిజ్‌జీ అనే పిలుపు ఉండనివ్వండి. పుస్తకం కూడా ఇవ్వండి.