బొజ్జన్నకొండ ఉలిపని

చీడికాడ నుండి చోడవరము మీదుగా అనకాపల్లికి పోయివచ్చువారు మా ప్రాంతమున వేలమంది కలరు. ఆనాడు బజారులో బెల్లము ఏ ధర పలికినదో వారిలో ప్రతివాడును చెప్పగలడు గాని, ఆ బజారుకు కూతవేటు దూరమున శంకరము గ్రామము చెంత బొజ్జన్నకొండపై మన పూర్వులు ఉలితో ఏమి సాధించిపోయిరో చెప్పగలవాడు పదిమందిలో ఒక్కడును కానరాడు. నాకు ఈ వ్యాసము వ్రాయించుచున్నది ఆ బాధయే.

సంఘారామము జనుల నోట నలిగి శంకరమైనదనియు, బుద్ధుని కొండ బొజ్జన్నకొండ యైనదనియు పెద్దలు చెప్పుదురు. 1907-08 ప్రాంతమున పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండరు రే త్రవ్వించగా సముద్రగుప్తుని బంగారు నాణెమును, కుబ్జవిష్ణువర్ధనుని రాగి నాణెములును బయటపడినవి. క్రీ.శ. 4వ శతాబ్ది మొదలు 9వ శతాబ్ది వరకు ఇచ్చట బౌద్ధము వెలసియున్నదందురు. చరిత్ర ఇంతతో చాలును. నా మనసంతయు పనితనము మీదనే యున్నది.

తాపీవాడు పెట్టిన ఇటుక వంకరపోయినచో ఊడదీసి మరల పెట్టుకొనును. కుమ్మరి చేతిలో కుండ సొట్టపడినచో మట్టి మరల ముద్దయగును. కొండను తొలుచు కాసెపనివానికి ఆ వెసులుబాటు లేదు. అతడు చేర్చువాడు కాడు, తీసివేయువాడు. గుహ నడుమ స్తూపము నిలువవలెనన్నచో, అందుకు వలసిన రాతిని ముందే మనసులో గిరిగీసికొని, దాని జోలికి పోక, చుట్టునున్న రాతిని మాత్రమే పై కప్పు నుండి నేలవరకు పెచ్చుపెచ్చుగా రాల్చుకొనుచు దిగవలెను. సుత్తెదెబ్బ ఒక్కటి బరువుగా పడి అంచు ఎగిరిపోయెనా, ఆ లోపము కొండ యున్నంత కాలము ఉండును.

ప్రధానగుహ ద్వారమునకు ఇరువైపుల నిలువెత్తు ద్వారపాలకులు, లోపల నాలుగేసి చొప్పున నాలుగు వరుసలుగా 16 స్తంభములు, వాని నడుమ స్తూపము. ఇన్నింటిలో ఎచ్చటను రాతికి రాయి అతుకు లేదు. అన్నియు ఆ కొండయే. మొదటిసారి పోయినప్పుడు కన్నులు చీకటికి అలవడువరకు గోడకు అరచేయి ఆనించి నిలిచితిని. ఉలి పోయిన దారులు, ఏతము పోసిన మడిలోని నీటి అలలవలె, వ్రేళ్ల క్రింద సన్నగా తగిలినవి. పిదప పైకి చూచితిని. స్తంభములు కొన్ని విరిగిపోయినవి, కప్పు మాత్రము చెక్కుచెదరలేదు. ఆ స్తంభములు కప్పును మోయుటకు పుట్టినవి కావని అప్పుడు తెలిసినది. మోయవలసిన పనిలేని స్తంభమును, కట్టినమందిరమువలె కనబడవలెనని, అంత ఓర్మితో నిలబెట్టిన వాని సౌందర్యకాంక్షకు చేయెత్తి మ్రొక్కితిని.

ఇది ఆ వృత్తికంతటికిని ఉన్న గుణము. గుంటుపల్లిలో గుండ్రని చైత్యగుహ కప్పునకు కొయ్య వాసములను రాతిలో దించిరి. ఉండవల్లిలో కొండను నాలుగంతస్తుల మేడ చేసిరి. ఇటలీ దక్షిణభాగమున మతేరా అను కొండవాలు పట్టణమున క్రైస్తవ భక్తులు మెత్తని సున్నపురాతిని తొలిచి వందకు పైబడిన గుడులు చేసికొనిరి. వానిలోను మోయు పనిలేని కమానులు, కంబములు కలవు. అచటి ఆదిపాపపు గుహలోని కుడ్యచిత్రములు 8, 9 శతాబ్దుల నాటివందురు. అనగా మన శంకరములో ఆఖరి ఉలులు మ్రోగుచున్న కాలము. అయినను బొజ్జన్నకొండ ప్రక్కనే యున్న మా లింగాలకొండకు సాటి యేదియని అడుగుదును. ఆ గట్టు వెన్నుపొడవునను రాతి స్తూపములు, పెద్దవాని ప్రక్కన చిన్నవి, మెట్లుమెట్లుగా బారులు తీరియున్నవి. జనులు లింగములని భ్రమపడి కొండకు ఆ పేరు పెట్టిరి.

మతేరా గుడులు కొన్ని కాపురపు ఇండ్లై, పశువుల కొట్టములై, గొఱ్ఱెలకాపరుల నెలవులై పాడుపడినవి. 1952లో చట్టము చేసి అచటి గుహవాసులను వేరు ఇండ్లకు తరలించిరి. అయినను ఆ దేశము ఆ గుహలను వదలుకొనలేదు, 1993లో ప్రపంచవారసత్వముగా గుర్తింపజేసికొన్నది. మనమేమి చేసితిమి? కనుమనాటి తీర్థములో రాక్షసుడను భ్రమతో బొజ్జన్నపై రాళ్లు రువ్వితిమి. ఆ దురాచారమును మాన్పుటకు వారసత్వ పరిరక్షణ సంస్థయగు ఇన్‌టాక్ వారు పాటుపడవలసివచ్చెను. వెయ్యేండ్ల గోడపై మేకుతో పేర్లు గీయువారిని నేను కన్నులార చూచితిని. ఒక విహారస్థలమున సిమెంటు స్తూపమునకు బూడిదరంగు పూసి, రాయివలె కనబడుటకు పుల్లతో గీతలు గీచి, దానియెదుట ఫొటోలు దిగుచున్నారు. అచ్చులో పోసిన ముద్దకు, ఒక్క దెబ్బ తప్పినను దిద్దుకొన వీలులేని ఉలికి సామ్యమేమి? అసలు ఇంటిముంగిట నుండగా నకలు చూపి పిల్లలను మోసపుచ్చుట నేను సహింపజాలను.

చోడవరము, చీడికాడ బడులలోని ఉపాధ్యాయులారా, ఏడాదికొక్కసారి పిల్లలను ఈ కొండలకు తీసికొనిరండు. ప్రొద్దుట ఎండ ముదరకముందే లింగాలకొండ ఎక్కింపుడు. ఏటవాలు వెలుగు పడినప్పుడే స్తూపముల చుట్టు త్రిప్పిన అంచులు నీడతీరి స్పష్టముగా కనబడును. పదిగంటలు దాటెనా, ఎండ నడినెత్తికి వచ్చుకొలది అవన్నియు ఉత్త బండలై కనబడును.