చాయ్ దుకాణం చమత్కారం

జనగామ జిల్లా రఘునాథపల్లి లాంటి ఊళ్లో చాయ్ దుకాణం బల్ల మీద పేపర్ ఒకటే, చదివేవాళ్లు పదిమంది. ఒకాయన పైకి చదువుతాడు, ఇంకొకాయన ఓ మాట అంటిస్తాడు. ఆ అంటించడమూ పనితనమే.

చంద్రయాన్-1 చంద్రుడి మీద నీటి అణువుల జాడ పట్టిందని 2009లో వార్త వచ్చింది. బోర్లు ఎండిపోయే జనగామ నేలలో అలాంటి వార్తకు పుట్టే మాట ఇదే: "ఆడ దొరికినయ్ సరే, మా బోరుకు ఎప్పుడస్తయ్?" వార్త సగమే అర్థమైనవాడు ఈ మాట అనలేడు.

2019 సెప్టెంబరులో చంద్రుడి మీద దిగబోతూ చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ మూగబోయింది. సిగ్నళ్లు దాటినందుకు చలానా వేయం, బదులివ్వమని నాగపూర్ పోలీసులు ట్విట్టర్‌లో బతిమాలారు. దేశమంతా నవ్వింది. అందులో వెక్కిరింత లేదు, శాస్త్రవేత్తల మీద ప్రేమే ఉంది.

పత్రికలు సైన్స్ పేజీలో ఇలాంటి మాటలకూ నాలుగు వరుసల చోటివ్వాలి.