వెనుక చక్రాల విద్య

నర్సంపేట చుట్టుపక్కల ట్రాక్టరు కొనబోయే ప్రతి ఇంట్లో ఇప్పుడు ఒకటే పంచాయితీ. టూ వీల్ తీసుకోవాలా, ఫోర్ వీల్ తీసుకోవాలా? కొడుకు ఫోర్ వీల్ అంటాడు. తండ్రి కిస్తీల లెక్క వేసి టూ వీల్ చాలదా అంటాడు. హైదరాబాదులో స్పోర్ట్స్ కారు కొనేవాళ్లను పట్టుకున్న ప్రశ్న కూడా ఇదే. ఇంజను బలం వెనుక రెండు చక్రాలకే పోవాలా, నాలుగింటికీ పంచాలా? బురద మడి వేరు, రేసు ట్రాకు వేరు. కానీ చక్రం నేలను పట్టుకునే న్యాయం రెండు చోట్లా ఒక్కటే. నేను ఏ పక్షమో ముందే చెప్పేస్తాను. నాది వెనుక చక్రాల పక్షం. ఖానాపురం, దుగ్గొండి, నల్లబెల్లి, చెన్నారావుపేట దిక్కు పొలాల్లో మన పాత డ్రైవర్లు ఆ రెండు చక్రాలతో చేసే పని చూసినవాడు మరో పక్షంలోకి పోలేడు.

పాకాల చెరువు కింద కరిగెట చూడాలి. కాకతీయ గణపతిదేవుని కాలంలో కట్టించిన చెరువు అది, ఎనిమిది వందల ఏళ్లుగా ఈ నేలను తడుపుతూనే ఉంది. అరకలు, దున్నలు చేసిన పనిని ఇప్పుడు ట్రాక్టర్లు చేస్తున్నాయి. పని మారలేదు. మట్టిని నీళ్లలో నలగ్గొట్టి మెత్తని గుజ్జు చేయాలి, కింద నీరు ఇంకని గట్టి పొర నిలవాలి, గడ్డీ కొయ్యకాలూ అడుక్కి పోవాలి. ఇనుప పట్టీలు బిగించిన కేజీ వీల్స్ ఆ పని చేస్తాయి. కానీ ఆ వీల్స్‌ను నడిపించే చెయ్యి ఉంది చూశారా, అసలు విద్య అక్కడ ఉంది.

మంచి డ్రైవరు మడిలో దిగేముందు నీళ్లు చూస్తాడు. నీళ్లు ఎక్కువైతే గడ్డలు కనబడవు, ఎక్కడ దున్నాడో ఎక్కడ వదిలాడో తెలియదు. తక్కువైతే పట్టీల మధ్య మట్టి మెత్తుకుపోయి చక్రం ఉత్త డ్రమ్ములా తిరుగుతుంది. ఇక బురదలో ముందు చక్రాలు స్టీరింగు మాట వినవు. ఎంత తిప్పినా అవి పక్కకు జారుతూ బురదను నెట్టుకుంటూ నేరుగానే పోతాయి. అప్పుడు ట్రాక్టరును తిప్పేది స్టీరింగు కాదు, కుడికాలు. ట్రాక్టరుకు ఎడమ చక్రానికి ఒక బ్రేకు, కుడి చక్రానికి ఒక బ్రేకు విడివిడిగా ఉంటాయి. మలుపులో లోపలి వైపు బ్రేకును తొక్కితే ఆ చక్రం ఆగుతుంది, డిఫరెన్షియల్ తన బలాన్నంతా బయటి చక్రానికి ఇస్తుంది, బండి ఆగిన చక్రం మీదనే గిర్రున తిరుగుతుంది. ఎంత తొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్నది ఏ పుస్తకమూ చెప్పదు. కొంచెం ఎక్కువ తొక్కితే అక్కడ గుంట పడుతుంది, ఆ గుంటలో నాటు మునిగిపోతుంది. మా దిక్కు పాత డ్రైవర్లు మలుపు తిప్పిన చోటుకు, నేరుగా పోయిన చోటుకు తేడా తెలియకుండా చేస్తారు. ఆ మీద జంబు కొట్టి చదును చేస్తే మడి అద్దంలా ఉంటుంది. నాట్లేసే ఆడవాళ్లు మడిలో కాలు పెట్టగానే ఇది ఎవరి చేతి కరిగెటో చెప్పేస్తారు. ఇంతకు మించిన బిరుదు ఏ డ్రైవరుకైనా ఏం కావాలి?

చక్రం ఒకటి ఉత్తగా తిరుగుతుంటే డిఫ్ లాక్ తొక్కి రెండింటినీ ఒకటి చేయాలి. కానీ నేరుగా పోయేటప్పుడే, మలుపుకు ముందే వదిలేయాలి. ఇది తెలిసినవాళ్లు చాలామందే ఉన్నారు. హైడ్రాలిక్ దగ్గరి రెండో లివరు, డ్రాఫ్ట్ కంట్రోల్, దాని సంగతి తెలిసినవాళ్లే తక్కువ. చెల్కలో కల్టివేటరు లోతుగా దిగి లాగుడు భారం పెరిగితే ఆ కంట్రోలు పనిముట్టును కాస్త ఎత్తుతుంది. పనిముట్టు బరువూ దాన్ని కిందికి లాగే మట్టి బరువూ వెనుక ఇరుసు మీదికి వచ్చి పడతాయి, జారే చక్రం మళ్లీ నేలను పట్టుకుంటుంది. లోపల అంత తెలివి ఉన్న బండిని కొని, ఆ లివరును ఏళ్ల తరబడి ముట్టుకోకుండా, చక్రం జారుతోంది కాబట్టి ఫోర్ వీల్ కావాలనేవాళ్లను చూస్తే నాకు కడుపు రగులుతుంది.

ఆ లివరు వెనుక ఉన్న మనిషి హ్యారీ ఫెర్గుసన్. ఐర్లాండు రైతు బిడ్డ. 1909లోనే సొంతంగా విమానం కట్టి ఎగిరినవాడు. పనిముట్టును మూడు చోట్ల పట్టుకునే హైడ్రాలిక్ లింకేజీకి 1926లో పేటెంటు తీసుకున్నాడు. అంతకు ముందు ట్రాక్టరుకు పట్టు కావాలంటే బండినే బరువుగా చేసేవాళ్లు. ఫెర్గుసన్ నాగలి మోసే బరువునే వెనుక చక్రాలకు పట్టుగా మార్చాడు. 1939లో హెన్రీ ఫోర్డుతో కలిసి తెచ్చిన 9ఎన్ ట్రాక్టరు ప్రపంచ వ్యవసాయాన్నే మార్చేసింది. మన ఊళ్లలో తిరిగే మాస్సీ ఫెర్గుసన్ పేరులో సగం ఆయనదే. 1960లో మద్రాసులో మొదలైన టాఫే ఆ బండ్లను మన దాకా తెచ్చింది. ఈ రోజు ఏ కంపెనీ ట్రాక్టరు వెనుక చూసినా ఆయన మూడు చేతులే కనబడతాయి.

వెనుక చక్రాలకు ఇంత గౌరవం తెచ్చిన ఆ మనిషే కార్లలో మాత్రం నాలుగు చక్రాల వైపు నిలబడ్డాడు. తడి రోడ్డు మీద మామూలు మనిషి ప్రాణానికి నాలుగు చక్రాల పట్టే భద్రమని ఆయన గట్టి నమ్మకం. 1960 అక్టోబరులో ఆయన చనిపోయాడు. మరుసటి ఏడు ఆయన సంస్థ తయారుచేసిన ఫెర్గుసన్ పీ99 రేసు కారును స్టిర్లింగ్ మాస్ ఇంగ్లండులోని ఔల్టన్ పార్కులో వాన తడిసిన ట్రాకు మీద నడిపి గోల్డ్ కప్ గెలిచాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో లెక్కకు రాని పోటీయే అయినా, ఫార్ములా వన్ రేసు గెలిచిన నాలుగు చక్రాల కారు ఈనాటికీ అదొక్కటే. 1969లో లోటస్, మాత్రా, మెక్‌లారెన్ మళ్లీ ప్రయత్నించాయి. బరువు పెరిగింది, స్టీరింగు మొద్దుబారింది, డ్రైవర్లు వద్దన్నారు. టైర్లూ రెక్కలూ మెరుగయ్యాక వెనుక చక్రాలే సరిపోయాయి.

దీని వెనుక లెక్క కష్టమైనదేం కాదు. టైరుకు ఉన్న పట్టు ఒక మోతాదు. ఆ మోతాదులోంచే మలుపు తిరగాలి, అందులోంచే బలం నేలకు దించాలి. ముందు చక్రాలకు మలుపు పని ఒక్కటే అప్పజెప్పితే వాటి పట్టంతా మలుపుకే. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బరువు వెనక్కి వాలుతుంది, తోసే చక్రాల మీదే పడుతుంది. అందుకే వెనుక చక్రాల కారులో స్టీరింగు శుభ్రంగా మాట్లాడుతుంది, రోడ్డు ఏం చెబుతోందో చేతికి తెలుస్తుంది. మలుపు మధ్యలో కాలి ఒత్తిడి మార్చి కారు మూతిని లోపలికో బయటికో తిప్పుకోవచ్చు. మన డ్రైవరు కుడికాలితో ట్రాక్టరును తిప్పినట్టే, అక్కడ కూడా కాలే స్టీరింగు. మితిమీరి తొక్కితే వెనుక భాగం జారి కారు గిర్రున తిరిగిపోతుంది, అదీ నిజమే. విద్య లేనివాడిని అది క్షమించదు.

ర్యాలీ లోకం చూడండి. 1970ల చివర ఫిన్లండు మంచులో పరీక్షలు చేస్తున్న ఆడి ఇంజనీర్లకు ఒక సంగతి తగిలింది. తన కంటే ఎక్కువ బలం ఉన్న కార్లను నాలుగు చక్రాలతో లాగే ఇల్టిస్ అనే సైనిక జీపు దాటిపోతోంది. 1980లో జెనీవాలో నాలుగు చక్రాల ఆడి క్వాట్రో వచ్చింది. మరుసటి ఏడు మిషెల్ మూటోన్ దాన్ని నడిపి సాన్‌రెమో గెలిచింది. ప్రపంచ ర్యాలీ గెలిచిన మొదటి మహిళ ఆమె. ఇక వెనుక చక్రాల కథ ముగిసిందని అందరూ అన్నారు. అప్పుడు లాన్సియా 037 వచ్చింది. తేలికైన, వెనుక చక్రాల కారు. 1983 జనవరిలో మాంటీ కార్లోలో వాల్టర్ రోర్ల్ దాన్ని మొదటి స్థానానికి తెచ్చాడు. ఆ ఏడు కంపెనీల టైటిల్‌ను లాన్సియా ఆడి మీద రెండే రెండు పాయింట్ల తేడాతో ఎగరేసుకుపోయింది. ఆ తర్వాత వెనుక చక్రాల కారు ఏదీ ఆ టైటిల్ గెలవలేదు. మట్టి, మంచు, గులక రోడ్ల మీద నాలుగు చక్రాలదే రాజ్యం, దాన్ని కాదనను. కానీ రోర్ల్ ఆ ఏడు చేసింది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మన కళ్ల ముందు జరిగింది కూడా ఉంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది, భారతదేశంలో అదే మొదటిది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ మూడో తరం (జెన్3) కార్లలో ముందు వైపు కూడా మోటారు ఉంది, కానీ బ్రేకు వేసినప్పుడు కరెంటు తిరిగి రాబట్టడానికే దాన్ని వాడారు. బండిని తోసింది వెనుక చక్రాలే. తర్వాత వచ్చిన జెన్3 ఇవోలో రేసు మొదలయ్యేటప్పుడు, అదనపు బలం దొరికే అటాక్ మోడ్‌లో, క్వాలిఫయింగ్ చివరి పోరుల్లో నాలుగు చక్రాలకూ బలం ఇస్తున్నారు. మిగతా రేసంతా మళ్లీ వెనుకకే. ఎప్పుడు నాలుగు, ఎప్పుడు రెండు అన్న తూకం అక్కడా తేలాల్సిందే.

ఫోర్ వీల్ ట్రాక్టరుకు దక్కాల్సింది కూడా చెప్పాలి. ముందు చక్రాలు బురదను నెట్టకుండా ఎక్కి లాగుతాయి. తూము దగ్గర, చెరువు వెనుక తట్టు, ఏడాదంతా ఆరని ఊబి మడుల్లో దాని పని దానిదే. ముందు లోడరు బిగించేవాళ్లకూ, పెద్ద రోటవేటర్ వేసేవాళ్లకూ అది కావాలి. అయితే ముందు ఇరుసులో గేర్లు, సీళ్లు పెరుగుతాయి, సీలు పోతే బురద లోపలికి దిగుతుంది. ధర కూడా ఎక్కువ. ముందు చక్రాలు వెనుకవాటి కంటే కొంచెం ముందుగా లాగేలా గేర్లు అమరుస్తారు కాబట్టి గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తోలితే టైర్లు అరిగిపోతాయి, గేర్ల మీద వృథా ఒత్తిడి పడుతుంది. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ లివరు తియ్యకుండా పత్తి ట్రాలీ లాక్కుపోయే పిల్లలను నర్సంపేట రోడ్డు మీద రోజూ చూస్తున్నాం. పైగా బలం ఉంది కదా అని బరువైన బండి ఏటా అదే మడిలో దిగుతుంటే బురద లోతు పెరుగుతూ పోతుంది. ఈ ఏడు ఫోర్ వీల్ దున్నిన లోతులో వచ్చే ఏడు టూ వీల్ దిగబడుతుంది. అప్పుడు చూశారా, ఫోర్ వీల్ లేనిదే కాదంటారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే. రీలు కోసం ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేపే పిల్లలు. వెనుక చక్రాల బలానికి అది గొప్ప అనుకుంటున్నారు. నేలలో ఇరుక్కుని చక్రం తిరగలేనప్పుడు ఇంజను బలం బండినే ఇరుసు చుట్టూ వెనక్కి ఎత్తేస్తుంది. ఒకటి రెండు సెకన్లలో బండి డ్రైవరు మీద ఉంటుంది. దిగబడిన చక్రాలకు మొద్దు కట్టి ముందుకు తోలేవాళ్లకూ ఇదే గతి పడుతుంది. ఎన్ని ఇళ్లల్లో ఇట్ల దీపం ఆరిందో ఈ ప్రాంతంలో అడిగితే ప్రతి ఊరూ చెబుతుంది. పాత డ్రైవరు దిగబడగానే ఇంజను అరిపించడు. పనిముట్టు విప్పుతాడు, చక్రాల వెనుక మట్టి తోడుతాడు, రివర్స్ వేసి వచ్చిన దారినే మెల్లగా బయటికి వస్తాడు. రివర్స్‌లో బండి మూతి నేలకే నొక్కుకుంటుంది, లేవదు. గెట్టు నిటారుగా ఉన్నా అంతే, వెనక్కి ఎక్కిస్తాడు. ఇది పిరికితనం కాదు, ఇదే పనితనం.

నాసిరకం సరుకు సంగతి మరీ దారుణం. పలుచటి పట్టీలు అతికించి, వెల్డింగు మీద రంగు పూసి అమ్మే కేజీ వీల్స్ ఒక్క యాసంగికే వంకర పోతున్నాయి. వంకర చక్రం మడిని ఎగుడుదిగుడు చేస్తుంది, ఇరుసు బేరింగులను తింటుంది. ఇక ఫుల్ కేజీ వీల్స్ విప్పకుండా బీటీ రోడ్డు ఎక్కేవాళ్లకు నేను ఏ మర్యాదా ఇవ్వలేను. ఊరికి ఎన్నేళ్లకో పడిన రోడ్డును ఒక్క పంట కాలంలో చీల్చిపోతారు. పోలీసులు కేసులు రాస్తే ఏడుస్తారు. కార్లలోనూ ఇదే తంతు. ముందు చక్రాలతో నడిచే మామూలు కారుకు ఎర్ర గీతలు, పెద్ద రెక్క, స్పోర్ట్ అనే అక్షరాలు అతికించి అమ్ముతున్నారు. జారడం కూడా కంప్యూటరే నేర్పే కార్లు వచ్చాయి, బటన్ నొక్కితే డ్రిఫ్ట్. దాన్ని విద్య అని నేను ఒప్పుకోను.

కొనబోయే అన్నలకు, తమ్ముళ్లకు ఒక్కటే మనవి. షోరూము ముందు కాంక్రీటు మీద తోలి చూసి సంతకం పెట్టకండి. రెండు బండ్లనూ మీ మడిలో, మీ నీళ్లలో దింపించుకుని చూడండి. చెల్క, మక్క, పత్తి, ట్రాలీ కిరాయి మీ పని అయితే టూ వీల్ తీసుకోండి, మిగిలిన డబ్బుతో మంచి వెనుక టైర్లూ గట్టి కేజీ వీల్స్ కొనండి. ఊబి మడులుంటే ఫోర్ వీల్ తీసుకోండి, తప్పులేదు. స్పోర్ట్స్ కారు కొనే శక్తి ఉన్నవాళ్లు వానల్లో ఘాటు రోడ్లు తిరిగితే నాలుగు చక్రాలు, నడపడమే ఆనందమైతే వెనుక చక్రాలు. ఏది కొన్నా ఒకటి మరవకండి, మీ ఊళ్లో విడి బ్రేకులతో మడి తిప్పగల పెద్దమనిషి ఇంకా ఉన్నాడు. ఈ వానాకాలం మీ కొడుకును ఆయన పక్కన మడ్‌గార్డు మీద కాదు, గెట్టు మీద నిలబెట్టి చూపించండి, తర్వాత సీటులో కూర్చోబెట్టి నేర్పించమని ఆయనను అడగండి.