అయాన్ ఎంపిక ఎలక్ట్రోడ్లు: పాలిమర్ పొరల పోలికలో మరుగునపడిన అంశం

అయాన్ ఎంపిక ఎలక్ట్రోడ్ల పొరలను పోల్చే రచనల్లో సాధారణంగా వాలు, గుర్తింపు పరిమితి, ఎంపిక గుణకం పట్టికకెక్కుతాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఏకావేశ అయానుకు 59.2 మిల్లీవోల్టుల వాలు వస్తే పొర మంచిదని తీర్పు. అయితే అయానును ఎంచుకునే పని ప్రధానంగా అయనోఫోరుది. వాలినోమైసిన్ ఏ పాలిమర్‌లో ఉన్నా పొటాషియాన్నే ఇష్టపడుతుంది. ఈ పట్టికలు చాలావరకు అయనోఫోర్లను పోల్చి, ఆ ఘనతను పాలిమర్ల ఖాతాలో వేస్తున్నాయి.

1970లో మూడీ, థామస్ బృందం కాల్షియం ఎలక్ట్రోడ్‌కు పీవీసీ పొరను వాడిన తరువాత ఈ రంగంలో పీవీసీదే పెత్తనమైంది. టెట్రాహైడ్రోఫ్యూరాన్‌లో కరిగించి, గాజు వలయంలో పోసి ఆరనిస్తే పొర సిద్ధం. ఆ సౌలభ్యం చిన్నది కాదు. కానీ 'పీవీసీ పొర' అన్న పేరే సగం నిజం. దాని బరువులో సుమారు మూడింట రెండు వంతులు ప్లాస్టిసైజర్, ఒక వంతు పీవీసీ. అయనోఫోర్ ఒక శాతం మేరకే ఉంటుంది. గది ఉష్ణోగ్రత వద్ద బిగుసుకుని ఉండే పీవీసీని అయాన్లు కదలగల చిక్కటి ద్రవంలా మార్చేది ఆ ప్లాస్టిసైజరే. అదే నమూనాలోకి, ముఖ్యంగా కొవ్వులున్న రక్తంలోకి, క్రమంగా జారిపోతుంది. అయనోఫోర్ కూడా దాని వెంటే. తొలిరోజు కొలిచిన వాలులో ఈ క్షయం కనిపించదు. రక్తద్రవంలో పొటాషియం సాధారణంగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య ఉంటుంది. అంత ఇరుకు పరిధిలో ఒక్క మిల్లీవోల్టు జరిగినా ఫలితం నాలుగు శాతం తప్పుతుంది.

సిలికోన్ రబ్బరుకు ప్లాస్టిసైజర్ అక్కరలేదు, చిప్ ఉపరితలానికి బాగా అంటుకుంటుంది. అయితే విద్యుత్ నిరోధం ఎక్కువ, కొన్ని అయనోఫోర్లు అందులో సరిగా కరగవు. పాలియురెథేన్ బలం కూడా అతుక్కోవడంలోనే ఉంది. ఘనస్పర్శ ఎలక్ట్రోడ్లలో ఈ గుణం అలంకారం కాదు: పొర ఊడిన చోట సన్నని నీటిపొర చేరి విభవం నిలకడ కోల్పోతుంది. మెథాక్రిలిక్-ఆక్రిలిక్ సహపాలిమర్లు ప్లాస్టిసైజర్ లేకుండానే మెత్తగా ఉంటాయి. వాటిలో అయాన్ల వ్యాపనం పీవీసీలో కంటే ఇంచుమించు వెయ్యి రెట్లు నెమ్మది. అందువల్ల లోపలి ద్రావణం నుంచి అయాన్లు బయటికి కారడం తగ్గి, గుర్తింపు పరిమితి మెరుగవుతుంది. మొదటి నానబెట్టుకు మాత్రం ఎక్కువ కాలం పడుతుంది. వాలు ఒక్కటే చూసే పట్టికలో ఈ లాభం గానీ ఈ నష్టం గానీ కనిపించవు.

నల్లగొండ నీటి చర్చల వల్ల తెలుగు పాఠకులకు తెలిసే ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌లో ఉండేది లాంథనం ఫ్లోరైడ్ స్ఫటికం. జారిపోవడానికి అందులో ప్లాస్టిసైజరే లేదు గనుక, దాని మన్నికను ఆధారం చేసుకుని పాలిమర్ పొరలను అంచనా వేయడం పొరపాటు. పాలిమర్లనే పోల్చదలచినవారు ఒకే అయనోఫోరును, ఒకే మందాన్ని ఉంచి, రక్తద్రవంలో నెల నానిన తరువాతి కొలతను తొలిరోజు కొలత పక్కన పెట్టాలి.