ఒకే సాంద్రత, మూడు అంకెలు

ఇంటర్ రెండో ఏడాది చదివే అమ్మాయి తండ్రి ఒకాయన ఈ వారం ఈ శీర్షికకు ఒక ఫొటో పంపారు. అది ఏదో గైడులోని పేజీ. పరమాణు కేంద్రకం సాంద్రత ఘన సెంటీమీటరుకు 2.3×10¹⁷ గ్రాములని అందులో అచ్చయింది. "మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో అంకె ఇదే గానీ ప్రమాణం వేరు. న్యూట్రాన్ తారల మీద వచ్చే వ్యాసాల్లోనేమో 10¹⁴ అని రాస్తున్నారు. పరీక్షలో ఏది రాయమంటారండీ?" అన్నది ఆయన ప్రశ్న.

గైడుది తప్పు. పాఠ్యపుస్తకం చెప్పేది ఘన మీటరుకు కిలోగ్రాముల్లో. ఘన మీటరులో 10 లక్షల ఘన సెంటీమీటర్లు పడతాయి, కిలోకు వెయ్యి గ్రాములు. కాబట్టి గ్రాములు, సెంటీమీటర్లలోకి వచ్చేటప్పుడు అంకెను వెయ్యితో భాగించాలి. అప్పుడు 2.3×10¹⁴ వస్తుంది. గైడు ప్రమాణం మార్చి అంకెను అలాగే ఉంచేసింది. ఇదే పొరపాటు నీళ్ల లెక్కలో జరిగితే గ్లాసుడు నీళ్లు పావు టన్ను తూగాలి, ఏడో తరగతి పిల్లలైనా పట్టేస్తారు. 10¹⁴ దగ్గర పట్టుకోవడానికి ఎవరి అనుభవమూ సాయం రాదు. అందుకే అక్కడ ప్రమాణాన్ని మరింత జాగ్రత్తగా చూడాలి.

ఈ శీర్షిక రచయిత పాత పంతం పాఠకులకు తెలిసిందే. శాస్త్రమంతటికీ ఒకటే ప్రమాణ వ్యవస్థ ఉండాలి, మీటరు, కిలోగ్రాము, సెకను తప్ప మిగతావన్నీ అటకెక్కాలి. ఫొటో చూడగానే ఆ పంతం మళ్లీ లేచింది.

నిజానికి ఖగోళ శాస్త్రజ్ఞులు ఇప్పటికీ గ్రాములూ సెంటీమీటర్లూ వదలలేదు. విపరీత సాంద్రత మొదట ఎదురైందీ వాళ్లకే. మనవాళ్లు మృగవ్యాధుడని పిలిచిన సిరియస్ నడకలో వంకర చూసి, దానికి కంటికి కనబడని తోడు ఉందని 1844లో బెస్సెల్ తేల్చాడు. 1862లో అమెరికాలో ఆల్వన్ గ్రాహం క్లార్క్ కొత్త దుర్భిణిని పరీక్షిస్తూ ఆ తోడును చూశాడు. కక్ష్యను బట్టి దాని ద్రవ్యరాశి దాదాపు సూర్యుడంత. వెలుగు మాత్రం బహు తక్కువ. చల్లారిన తారేమో అనుకోవచ్చు. కానీ 1915లో మౌంట్ విల్సన్‌లో వాల్టర్ ఆడమ్స్ తీసిన వర్ణపటం అది తెల్లగా కాగుతున్న తార అని చెప్పింది. అంత వేడి తార అంత మసకగా ఉందంటే ఒళ్లు చాలా చిన్నదై ఉండాలి. 1920ల్లో ఎడింగ్టన్ లెక్క కడితే ఘన సెంటీమీటరుకు 50 వేల గ్రాములు దాటింది. అలాంటి పదార్థం ఎలా నిలబడుతుందో 1926లో కేంబ్రిడ్జిలో ఫౌలర్ క్వాంటం సిద్ధాంతంతో వివరించాడు. ఆ ఫౌలర్ దగ్గర చదువుకోవడానికే 1930లో బొంబాయిలో ఓడెక్కిన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ కుర్రాడు చంద్రశేఖర్, దారిలోనే ఆ లెక్కకు సాపేక్షతను జోడించి ఇలాంటి తారల, అంటే శ్వేత కుబ్జాల, బరువుకు హద్దు ఉందని కనిపెట్టాడు.

ఆ సిరియస్ తోడు సాంద్రత నేటి లెక్కలో 20 లక్షలు దాటింది. ప్రమాణం మారలేదు, గ్రాములు గ్రాములే. ఎడింగ్టన్ నాటి లెక్కలో వ్యాసార్థం మూడు రెట్లకు పైగా ఎక్కువ పడింది. ఘనపరిమాణంలోకి వచ్చేసరికి అది 30 రెట్లు దాటిపోయింది. న్యూట్రాన్ తారలదీ ఇదే కథ. వ్యాసార్థం 10 కిలోమీటర్లు కాక 13 అయితే సగటు సాంద్రత సగానికన్నా కిందికి పడిపోతుంది. అందరూ ఒకే ప్రమాణం వాడినంత మాత్రాన ఈ చిక్కు తీరదు.

ఇక కేంద్రక భౌతిక శాస్త్రజ్ఞులు గ్రాముల జోలికే పోరు. ఘన ఫెర్మీకి 0.16 న్యూక్లియాన్లు (ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి) అంటారు. ఫెర్మీ అంటే 10⁻¹³ సెంటీమీటరు, ఒక న్యూక్లియాన్ 1.67×10⁻²⁴ గ్రాములు. గుణిస్తే ఘన సెంటీమీటరుకు 2.7×10¹⁴ గ్రాములు. దాన్నే వాళ్లు ఘన ఫెర్మీకి 150 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్‌లనీ చెబుతారు. ద్రవ్యరాశినీ శక్తినీ ఐన్‌స్టీన్ ఒకటి చేశాడు గనక అది కూడా సాంద్రతే. ఘన ఫెర్మీకి ఒక్కో మెగా ఎలక్ట్రాన్ వోల్ట్ అంటే ఘన సెంటీమీటరుకు 1.78×10¹² గ్రాములు. మరి పాఠ్యపుస్తకంలో 2.7 కాక 2.3 ఎందుకుంది? అక్కడ కేంద్రకాన్ని, ఒక్కో న్యూక్లియాన్‌కు 1.2 ఫెర్మీల వ్యాసార్థమున్న చోటు చొప్పున, అంచు దాకా ఒకే చిక్కదనం ఉన్న గోళంగా తీసుకున్నారు. 0.16 అన్నది బరువైన కేంద్రకం నడిబొడ్డు సంగతి.

ఆ 0.16 చూశాకే రచయిత పంతం సడలింది. బరువైన కేంద్రకాల్లో దేని లోపల చూసినా న్యూక్లియాన్ల ఒత్తు దాదాపు ఇంతే, బరువు పెరిగితే కేంద్రకం ఉబ్బుతుందే తప్ప చిక్కబడదు. 2.7×10¹⁷ కిలోగ్రాములన్న అంకెలో ఈ సంగతి ఎవరికీ కనబడదు, ఫెర్మీలో చెబితే వెంటనే అందుతుంది. న్యూట్రాన్ తార గర్భంలో ఈ 0.16కు కొన్ని రెట్లు ఉంటుందన్న మాటకు అర్థం కూడా అప్పుడే వస్తుంది. మిగతా ప్రమాణాలన్నీ అటకెక్కాలన్న మాట ఇక ఈ శీర్షికలో రాదు.

ఇంటర్ పాఠాలు చెప్పే మాస్టర్లకు ఒక మనవి. 2.3×10¹⁷ దగ్గర ఒక్క పది నిమిషాలు ఆగి, అది ఘన సెంటీమీటరుకు 2.3×10¹⁴ గ్రాములు, ఘన ఫెర్మీకి సుమారు 0.14 న్యూక్లియాన్లు ఎలా అవుతుందో పిల్లల చేత బోర్డు మీద వేయించండి.